ఉగాదికి చిగురించిన కానుగ ఏప్రిల్‌లోనే మళ్లీ ఆకు రాలుస్తోంది, ఎందుకు?

కాజీపేట కుట్టుమిషన్ (ఏప్రిల్ 21)

అందరికీ నమస్కారం. మాది కాజీపేట. ఇంటి ముందు ఒక కానుగ చెట్టు ఉంది. మా పెద్దోడు పుట్టిన యేడు మా మామగారు నాటారు, వాడికి ఇప్పుడు 22. మాది రేకుల ఇల్లు, ఎండాకాలం పదకొండు దాటితే లోపల ఫ్యాన్ కింద కూడా కూర్చోలేం. అందుకే సంక్రాంతి పోగానే మిషన్ బయటికి లాగి చెట్టు కింద వేసుకుంటాను. మళ్లీ వానలు పడ్డాకే లోపలికి. అంటే నాకు ఆ చెట్టే షాపు.

చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు, ఊడ్చేది నేనే కదా. శివరాత్రికి మొదలవుతుంది. హోలీ వచ్చేసరికి రోజుకు రెండు గంపలు. తర్వాత వారం పది రోజులు బోడిగా ఉండి, ఉగాది నాటికి లేతాకు వేస్తుంది. అది నూనె రాసినట్టు మెరుస్తుంది. ఈసారి కూడా అన్నీ అలాగే జరిగాయి. నేను కూడా హమ్మయ్య, ఇక ఊడ్చే పని తప్పింది అనుకున్నాను.

పది రోజుల కింద మళ్లీ మొదలైంది. ముదరని ఆకు. సగం పసుపు, సగం పచ్చ. కొన్నయితే పచ్చగానే రాలుతున్నాయి. నిన్న మూడు గంపలు ఎత్తాను. ఇరవై రెండేళ్లలో ఉగాది తర్వాత ఇలా రాలడం నేను చూడలేదు. మధ్యాహ్నం ఎండ నేరుగా మిషన్ మీద పడుతోంది, మొన్న చక్రం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. కుట్టే బ్లౌజుల మీద ఆకులు, ఫాల్ వేసే చీర మడతల్లో ఆకులు.

మా అత్తమ్మ దిష్టి తగిలిందని నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ఎదురింటాయన చెట్టు పని అయిపోయింది, కొట్టించేయండి, నా కారు తిప్పుకోవడానికి కూడా బాగుంటుంది అంటున్నాడు. (ఆయనకు చెట్టు మీద బాధ లేదు, కారు మీదే.) మా ఆయనేమో గుప్పెడు యూరియా వేద్దామంటున్నాడు. నేను రోజూ పొద్దున రెండు బకెట్ల నీళ్లు మొదట్లో పోస్తున్నాను. ఏం తేడా లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. నిజంగా టెన్షన్‌గా ఉంది.

మేడ మీద తోట, హన్మకొండ (ఏప్రిల్ 21)

అక్కా, 2021లో మన దగ్గర వేప చెట్లన్నీ ఎండిపోయాయి గుర్తుందా? ఊళ్లకు ఊళ్లే భయపడ్డాయి. అది ఫోమాప్సిస్ అనే బూజు తెగులు, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. కొమ్మ చివర్ల నుంచి ఎండుకుంటూ వస్తుంది. మీ చెట్టుకూ అదే పట్టి ఉంటుంది. ఏదైనా బూజు మందు తెచ్చి కొట్టించండి, పురుగు మందు కూడా కలిపి.

వాన కోసం (ఏప్రిల్ 21)

ఈ ఎండకు మనుషులే రాలిపోయేటట్టున్నారు, చెట్టెంత. వాన పడితే అదే సర్దుకుంటది. లైట్ తీసుకోండి.

పాత బీటు, నర్సంపేట (ఏప్రిల్ 21, రాత్రి)

చెల్లె, ముందు ఎవరూ మందులు కొట్టకండి. యూరియా అయితే అసలే వద్దు, ఎందుకో తర్వాత చెప్తాను. పాకాల, తాడ్వాయి వైపు అడవుల్లో బీట్ పని, అంటే అడవి కాపలా, చేసి రిటైరైన వాణ్ని. ఆకు రాలిన చెట్లను చూసి చూసి నా కళ్లు అరిగిపోయాయి.

మనది ఎండాకాలం ఆకు రాల్చే అడవి. టేకు శివరాత్రి నాటికే బోడి అయిపోతుంది, వాన పడేదాకా ఆకు వెయ్యదు. మోదుగ ఆకంతా రాల్చుకుని ఒట్టి పువ్వుతో నిలబడుతుంది. ఇప్పచెట్టు ఆకు రాల్చాకే పువ్వు రాలుస్తుంది. ఆ పువ్వు ఏరుకోవడం కోసం చెట్ల కింద ఆకులకు నిప్పు పెట్టేవాళ్లతో మాకు యేటా గొడవే, అది వేరే కథ. ఒకే టేకు, వాగు ఒడ్డున ఉంటే ఆలస్యంగా రాలుస్తుంది, గుట్ట మీద ఉంటే ముందే రాలుస్తుంది. తేడా అంతా వేరుకు అందే తడిలో ఉంది. నీళ్లు తాగేది వేరు, ఆవిరి చేసి పోగొట్టేది ఆకు. రాబడి తగ్గితే ఖర్చు తగ్గించుకోవాలి, అందుకని ఆకును వదిలేస్తుంది.

ఈ వదిలెయ్యడం బతికున్న చెట్టే చెయ్యగలదు. ఆకు కాడ మొదట్లో సన్నటి పొర ఒకటి ఉంటుంది. ఆకు బాగున్నంత కాలం అది గట్టిగానే ఉంటుంది. నీళ్లు చాలకపోతే చెట్టులో ఎథిలీన్ అనే వాయువు పుడుతుంది. మామిడికాయ మగ్గేటప్పుడు పుట్టేది కూడా అదే. దాంతో ఆ పొర మెత్తబడి కాడ ఊడి వస్తుంది. చచ్చిన కొమ్మకు ఆ శక్తి ఉండదు. పెళ్లి పందిరి మీద వేసిన కొమ్మలు చూడు, పెళ్లై పది రోజులైనా ఎండిన ఆకు కొమ్మకే పట్టుకుని గలగలమంటుంది. అందుకని నేను రాలిన ఆకును చూసి భయపడను. ఎండిపోయి కూడా రాలకుండా వేలాడే ఆకు కనబడితే మాత్రం ఆగి చూస్తాను.

మేడ మీద తోట తమ్ముడు చెప్పిన వేప తెగులు నిజమే. కానీ అది వానలతో మొదలై చలికాలం దాకా ముదురుతుంది. కొమ్మ కొసలు మాడి, ఆకు గోధుమ రంగై చెట్టుకే వేలాడుతుంది. ఇక్కడ చెట్టు కానుగ, కాలం ఏప్రిల్, ఆకు కింద పడుతోంది. నాకు పొంతన కుదరడం లేదు.

రేపు పొద్దున నాలుగు సంగతులు చూసి చెప్పు. రాలిన ఆకు కాడతో సహా నీటుగా ఊడి వస్తోందా? చెట్టంతా రాలుస్తోందా, ఒక పక్కే రాలుస్తోందా? వేలెడు లావు కొమ్మల మీద గోటితో గీకితే లోపల పచ్చగా ఉందా, గోధుమ రంగు ఉందా? ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ రెండేళ్లలో చెట్టు చుట్టుపక్కల ఎవరైనా ఏమైనా తవ్వారా?

కాజీపేట కుట్టుమిషన్ (ఏప్రిల్ 22)

సార్, మీ చివరి ప్రశ్న చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే లేచి చూశాను. ఆకు కాడతో సహా ఊడుతోంది, మొదట్లో చిన్న గుండీలా ఉబ్బుగా ఉంది. ఇన్నేళ్లు ఊడ్చాను కానీ ఎప్పుడూ చేతిలోకి తీసుకుని చూడలేదు. కొన్ని ఆకుల మీద జొన్న గింజంత బొడిపెలు కూడా ఉన్నాయి, అవి ప్రతి యేడూ ఉండేవే.

ఇంటి వైపు కొమ్మలకు ఆకు బాగానే ఉంది. రోడ్డు వైపు సగం బోడి. నేను మిషన్ వేసుకునేది ఆ వైపే కాబట్టి చెట్టంతా రాలుతున్నట్టు అనిపించింది నాకు. మా చిన్నోడు ఎక్కి గోటితో గీకాడు. ఇంటి వైపు పచ్చి బఠాణీ రంగు. రోడ్డు వైపు మూడు పెద్ద కొమ్మల్లో రెండు లేత పచ్చగా ఉన్నాయి, ఒకటి గోధుమ రంగు. ఆ గోధుమ రంగు కొమ్మకే, మీరన్నట్టు, ఎండిన ఆకులు వేలాడుతున్నాయి. మీరు ఇక్కడికి వచ్చి చూసి రాశారా అనిపించింది.

ఇక తవ్వడం సంగతి. పోయిన దసరా అయిపోయాక మా గల్లీలో మోరీ తవ్వారు. జేసీబీతో. చెట్టు మొదలుకు చెయ్యి చాపితే అందేంత దూరం, నడుము లోతు. నా మణికట్టు లావు వేర్లు ఐదారు తెగి బయట పడ్డాయి. మా ఆయన వాటిని వృథా ఎందుకని ఎండబెట్టి ముక్కలు కొట్టాడు. సార్, చలికాలమంతా సంక్రాంతి దాకా మేం వాటితోనే స్నానాలకు నీళ్లు కాగబెట్టుకున్నాం. బాగా మండుతున్నాయి అని కూడా అనుకున్నాం.

మోరీ అయ్యాక చెట్టు మొదలు దాకా సిమెంట్ పోసి చదును చేశారు. పోసే మనిషిని పిలిచి ఇక్కడ కూడా కాస్త పోయమని అడిగింది నేనే, చాయ్ కూడా ఇచ్చాను. మట్టి ఉంటే చీపురుకు ఆకు సరిగ్గా రాదు, సిమెంట్ అయితే ఊడ్చుకోవడం తేలికని. నేను రోజూ పోస్తున్న రెండు బకెట్ల నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఈరోజే గమనించాను. నేరుగా మోరీలోకి.

జగిత్యాల మామిడి (ఏప్రిల్ 22)

అక్కా, మధ్యలో ఒక మాట. ఆర్వో మిషన్ నుంచి బయటికొచ్చే నీళ్లు పోస్తున్నారా? మా ఇంటి వెనక మామిడికి రెండేళ్లు అవే పోశాం, పారబోయడమెందుకని. మా బోరు నీళ్లే ఉప్పన, ఆర్వో వదిలేవి ఇంకా ఉప్పన. ఆకు అంచులు కాలినట్టు అయ్యి రాలడం మొదలైంది. ఆపేసి ఒక వానాకాలం గడిచాక తేరుకుంది. తోటల్లో పెరిగినోళ్లమే, మాకే తట్టలేదు.

కాజీపేట కుట్టుమిషన్ (ఏప్రిల్ 22)

ఆర్వో లేదు తమ్మీ, మేం క్యాన్ తెచ్చుకుంటాం. బట్టలు జాడించిన నీళ్లు అప్పుడప్పుడు పోసేదాన్ని, అవి కూడా ఆపేస్తాను.

పాత బీటు, నర్సంపేట (ఏప్రిల్ 22, రాత్రి)

చెల్లె, ఊరికే మనసు పాడు చేసుకోకు. తెగిన వేరును పొయ్యిలో పెట్టకపోయినా అది మళ్లీ అతుక్కునేది కాదు. మీ ఆయన్ని ఏమీ అనకు.

జరిగింది ఇది. చెట్టుకు నీళ్లు తాగే సన్నవేర్లు ఎక్కువ శాతం పైన రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల అంచును దాటి కూడా పోతాయి. చెట్టు ఎంత ఎత్తుంటే వేరు అంత లోతు పోతుందని అందరూ అనుకుంటారు, కాదు. నడుము లోతు తవ్వితే ఆ వైపు వేర్లు దాదాపు అన్నీ పోయినట్టే. చలికాలంలో ఖర్చు తక్కువ కాబట్టి చెట్టు బయటపడనియ్యలేదు. ఉగాదికి అలవాటు ప్రకారం నిండా ఆకు వేసింది. ఏప్రిల్ ఎండకు ఆ ఆకు అడిగే నీళ్లు ఉన్న వేర్లు తెచ్చివ్వలేకపోయాయి. అందుకే వేసిన ఆకునే మళ్లీ రాల్చింది, అది కూడా తెగిన వైపునే ఎక్కువగా. దానికి తోడు పైన సిమెంట్. వేరుకు నీరు ఎంత కావాలో గాలి అంత కావాలి.

ఆకు మీద బొడిపెలు కంటికి కనబడనంత చిన్న నల్లి చేసే పని. కానుగకు అది మామూలే, పట్టించుకోకు.

యూరియా ఎందుకు వద్దన్నానంటే, అది కొత్త ఆకును తరుముతుంది. తాగడానికే నీళ్లు లేని ఇంటికి పదిమంది చుట్టాలు దిగినట్టు అవుతుంది. పైగా తడి చాలని మట్టిలో ఎరువు ఉప్పులా పనిచేసి వేరును ఎండగడుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. మొదలు చుట్టూ సిమెంట్ పగలగొట్టించు, వీలైతే మూడడుగులు. గడ్డపార పైపైనే వెయ్యాలి, ఉన్న వేరుకు దెబ్బ తగలకూడదు. నీళ్లు మొదట్లో కాదు, ఇంటి వైపు కొమ్మల నీడ అంచున పొయ్యి, బతికున్న వేర్లు అటే ఉన్నాయి. రోజూ రెండు బకెట్లు పైమట్టిని తడిపి ఆవిరైపోతాయి. దాని బదులు వారానికి రెండుసార్లు, సాయంత్రం పూట పది పన్నెండు బిందెలు, మెల్లగా దిగేటట్టు. పాత కుండలకు అడుగున సన్న బొక్క పెట్టి నాలుగు చోట్ల పెట్టినా చాలు, నీళ్లు నింపి నీ పని నువ్వు చేసుకోవచ్చు. ఊడ్చిన ఆకు ఎక్కడ వేస్తున్నావో తెలియదు కానీ, ఇకనుంచి ఆ మట్టి మీదే నాలుగు వేళ్ల మందాన పరుచు. మొదలుకు మాత్రం ఆనించకు, జానెడు వదులు.

ఇంకో సంగతి, ఇది ఆకు కంటే పెద్దది. రోడ్డు వైపు వేర్లు లేవు కాబట్టి ఆ వైపు నుంచి గట్టి గాలి కొడితే చెట్టు మీ ఇంటి వైపే ఒరుగుతుంది. మే నెల గాలిదుమారాలు నీకు తెలుసు. మొదలు దగ్గర నేల బీటలిచ్చిందా, మాను మునుపటికంటే వంగిందా, రెండు రోజులకోసారి చూసుకో. గాలి లేచినప్పుడు మిషన్ దగ్గర కూర్చోకు.

ఎదురింటాయనకు చెప్పు, చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం ఉంది, నీళ్లు, నేల, చెట్లను కాపాడే చట్టం, 2002 నుంచి. మామూలుగా ముందు అనుమతి తీసుకోకుండా చెట్టు కొట్టడానికి లేదు. ఎండిన కొమ్మ కూడా ఇప్పుడే తియ్యకు. గీకితే పచ్చగా ఉన్న రెండు కొమ్మలు వాన పడ్డాక ఎక్కడ నుంచి చిగురు వేస్తాయో చూసి, అప్పుడు ఎంతవరకు చచ్చిందో అంతవరకు కోయించు.

మేడ మీద తోట, హన్మకొండ (ఏప్రిల్ 23)

సార్, నేను ఫొటో కూడా అడగకుండా మందు రాసేశాను. సారీ అక్కా. మా సుబేదారి వైపు కూడా కొత్త మోరీ పక్కన చెట్లు ఇలాగే ఉన్నాయి, ఇప్పుడు చూస్తే అన్నీ ఒకే వైపు బోడి.

కాజీపేట కుట్టుమిషన్ (ఏప్రిల్ 28)

ఆదివారం పొద్దున ఆరింటికి మా ఆయన, చిన్నోడు కలిసి సిమెంట్ పగలగొట్టారు. ఇంటి వైపు మూడడుగులు వచ్చింది, రోడ్డు వైపు అడుగున్నరే, అవతల మోరీ గోడ. చప్పుడుకు ఎదురింటాయన లేచి వచ్చి గల్లీ సిమెంట్ పాడు చేస్తున్నారని అరిచాడు. నేను వాల్టా చట్టం అన్నాను. చట్టానికీ సిమెంట్‌కూ ఏం సంబంధమో నాకు కూడా తెలియదు కానీ ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

పగలగొట్టిన పెళ్ల కింద మట్టి తెల్లగా, సున్నం పట్టినట్టు, ఎముకలా గట్టిగా ఉంది. ఒక్క చీమ లేదు. మొదటి సాయంత్రం పది బిందెలు పోస్తే మట్టి గుటగుట తాగింది, ఆ చప్పుడు మా అత్తమ్మ కూడా విన్నది. కుండలు మొత్తం నాలుగు పెట్టాం, బోనాల కుండలు కావు లెండి, పాత పెరుగు కుండలు. ఆకు పరిచాను. ఊడ్చి పోగు చేసిన దాన్నే మళ్లీ పరవడం చేతికి అలవాటు కాలేదు ఇంకా, పొద్దున లేవగానే చీపురు అటే పోతోంది.

నేల బీటలు లేవు. మాను వంగలేదు, గోడకూ దానికీ మధ్య దూరం మూరతో కొలిచి పెట్టుకున్నాను.

కాజీపేట కుట్టుమిషన్ (మే 19)

మొన్న రాత్రి గాలిదుమారం వచ్చింది. మా రేకు ఒకటి లేచిపోయింది, చెట్టు కదల్లేదు. పొద్దున మళ్లీ మూరతో కొలిచాను, అంతే ఉంది. ఆకు రాలడం తగ్గింది, రోజుకు అర గంప. కానీ రోడ్డు వైపు రెండో కొమ్మ కూడా ఇప్పుడు గోధుమ రంగుకు తిరుగుతున్నట్టుంది. ఇంటి వైపు పువ్వు పూసింది సార్, కింద పేలాలు చల్లినట్టు రాలుతోంది. తేనెటీగలు కూడా వస్తున్నాయి.

పాత బీటు, నర్సంపేట (మే 19)

రెండో కొమ్మ కొస నుంచి ఎంత దూరం ఎండిందో దారం కట్టి గుర్తు పెట్టు. వారం తర్వాత దారం దాటిందా లేదా చూడు. నీళ్లు ఆపకు, తొలకరి రాగానే కూడా ఆపకు. మొదటి రెండు వానలు పైమట్టికే సరిపోతాయి.

కాజీపేట కుట్టుమిషన్ (జూలై 12)

సార్, చెప్పడం ఆలస్యమైంది, పెళ్లిళ్ల బ్లౌజులతో తీరిక దొరకలేదు. కట్టిన దారం ఫాల్ దారం, ఎర్రది. ఎండు దాన్ని రెండు జానలు దాటి ఆగింది. వానలు పడ్డాక ఎండు ఆగిన చోటుకు నాలుగు వేళ్ల కింద చిగురు పొడిచింది, ముందు ఎర్రగా, ఇప్పుడు లేత పచ్చగా. మూడో కొమ్మకు నిండా వచ్చింది. మొదటిది మాత్రం పోయింది. మనిషిని పిలిచి దాన్ని మొదలంటా, రెండోదాన్ని ఎండు ఆగిన చోటు దాకా కోయించాం. కొమ్మ కింద పడ్డాక చూస్తే ఏప్రిల్ నాటి ఆకులు ఇంకా దానికే ఉన్నాయి. మా ఆయన ఆ కట్టెను పొయ్యి దగ్గరికి మోసుకుపోతుంటే ఎవరం ఏమీ అనలేదు.

రోడ్డు వైపు ఇప్పుడు ఆకాశం కనబడుతోంది. వచ్చే ఎండాకాలానికి మిషన్ గోడ వైపు రెండు గజాలు జరపాలి, చోటు చూసి పెట్టుకున్నాను. కరెంటు వైరు అక్కడిదాకా రాదు, అదొక్కటి లాగించాలి.